పెద్ద మేస్త్రి బిగించిన బోల్టులు

అతనికి యాభై ఏడేళ్ళు. తల ముగ్గుబుట్టయి పదేళ్ళు దాటింది. కారు కింద దూరితే మళ్ళీ బయటికి రావడానికి మోకాళ్ళు మొరాయిస్తాయి. అయినా ఊళ్ళో అందరికీ అతను ఇప్పటికీ చిన్న మేస్త్రే. ఎందుకంటే పెద్ద మేస్త్రి అని ఇంకొకాయన ఉన్నాడు. ఆయన ఇతనికి స్వయానా అన్న. రెండు వీధుల అవతలే ఇల్లు. తొమ్మిదేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

మాటల్లేవంటే ఏదో ముభావంగా ఉండటం అనుకునేరు. అంత తేలిగ్గా ఏం లేదు. అన్న పొద్దున్నే కూరగాయల బజారుకి వెళ్తాడని తెలిసి, తమ్ముడు సాయంత్రం పోయి వాడిపోయిన కూరలు కొనుక్కునేవాడు. క్షవరానికి ఇద్దరిదీ ఒకే కొట్టు. పాపం ఆ కొట్టాయన, ఒకరు కుర్చీలో ఉండగా రెండోవారు గుమ్మంలో కనబడితే, ఇవాళ తీరిక లేదు రేపు రండి అని అబద్ధమాడేవాడు. మనవలున్న మనుషులు ఇలా దాగుడుమూతలాడుతుంటే జనం మొదట్లో నవ్వుకున్నారు. తర్వాత అలవాటు పడిపోయారు.

నిజానికి విడిపోవాల్సిన మనుషులు కారు వీళ్ళు. తండ్రి పోయేనాటికి పెద్దవాడికి ఇరవై ఒకటి, చిన్నవాడికి తొమ్మిది. పెద్దవాడు అప్పటికే షెడ్డులో పానా పట్టాడు. తమ్ముడి బడి మాన్పించలేదు. చదువు అయిపోయాక తనే పక్కన నిలబెట్టుకుని పని నేర్పాడు. నేర్పడంలో మాత్రం దయాదాక్షిణ్యాల్లేవు. నడుస్తున్న ఇంజన్ మీద పొడుగాటి స్క్రూడ్రైవర్ ఆనించి, దాని పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో చెప్పమనేవాడు. తప్పు చెబితే నెత్తిన మొట్టికాయ. ఒప్పు చెబితే మెచ్చుకోలు ఏమీ ఉండదు, ఇంకో బండి చూపించేవాడు. వదిన కాపురానికొచ్చాక మొట్టికాయలు కాస్త తగ్గాయి.

అలా ముప్ఫై ఏళ్ళు ఒకే షెడ్డులో పనిచేశారు. ఆ షెడ్డుకో పద్ధతుండేది. ఏ బోల్టునయినా ఆఖరుసారి బిగించినవాడు దాని తల మీద రంగు చుక్క పెట్టాలి. అన్నది పసుపు, తమ్ముడిది తెలుపు. చుక్క పెట్టావంటే ఆ బోల్టుకి పూచీ నీదే, అర్ధరాత్రి లేపి అడిగినా జవాబు చెప్పాలి అనేవాడు పెద్ద మేస్త్రి. వేరే షెడ్లవాళ్ళు ఈ బొట్లేంటని వెక్కిరించేవారు. వెక్కిరించినవాళ్ళే తమ సొంత బండ్లకి జబ్బు చేస్తే వీళ్ళ దగ్గరికి తెచ్చుకునేవారు.

ఇక గొడవ సంగతి. బళ్ళో లెక్కలు చెప్పే పంతులమ్మ కారొకటి ఆయిల్ మార్చడానికొచ్చింది. అడుగున ఆయిల్ ఛాంబర్‌కి ఒక బోల్టుంటుంది. అది విప్పితే పాత ఆయిల్ దిగిపోతుంది, మళ్ళీ బిగించి పైనుంచి కొత్తది పోస్తారు. విప్పింది తమ్ముడు. "నువ్వెళ్ళి ఫిల్టర్ పట్రా, బోల్టు నేను పెడతాను" అని అన్న అన్నాడని తమ్ముడి జ్ఞాపకం. తెచ్చేసరికి అన్న పైనుంచి కొత్త ఆయిల్ పోస్తూ కనిపించాడు. ఆ కారు అదే రోజు ఊరి బయట పెద్ద రోడ్డు మీద బోల్టు ఊడి, ఉన్న ఆయిలంతా కారిపోయి, ఇంజన్ బిగుసుకుపోయి ఆగిపోయింది. పంతులమ్మ మండుటెండలో మూడు గంటలు నిలబడింది.

షెడ్డులో అయిదుగురున్నారు అప్పుడు. పంతులమ్మ తప్పెవరిదని అడిగింది. పెద్ద మేస్త్రి క్షణం కూడా ఆలోచించకుండా, మావాడికి ఈమధ్య మతిమరుపు ఎక్కువైందమ్మా, ఏమీ అనుకోకండి అనేశాడు. తమ్ముడికి తల కొట్టేసినట్టయింది. బోల్టు పెడతానన్నది నువ్వు కదా అన్నాడు. నేనలా అనలేదన్నాడు అన్న. మాటా మాటా పెరిగింది. నా చేతికింద పెరిగినవాడు నన్నే అబద్ధాలకోరంటున్నాడని అన్న కేకలేశాడు. తేల్చడానికి చుక్క చూద్దామంటే ఆ బోల్టే లేదు. ఏ మైలురాయి దగ్గర పడిపోయిందో, దాని మీద పసుపుందో తెలుపుందో చూసినవాడు లేడు. తమ్ముడు తన పనిముట్లు సంచిలో వేసుకుని బయటికి నడిచాడు. నెల తిరక్కుండా రెండు వీధుల అవతల సొంత షెడ్డు వేసుకున్నాడు.

పనికేం లోటు రాలేదు అతనికి. వచ్చిన చిక్కు వేరు. ఆ రోజు నుంచి ఆయిల్ మార్చిన ప్రతి బండికీ, అంతా అయిపోయి, యజమాని తాళం చెవి తీసుకుని కూర్చున్నాక కూడా, ఒక్క నిమిషం ఆగండంటూ మళ్ళీ కింద దూరి ఆ బోల్టు తడిమి చూసుకునేవాడు. మోకాళ్ళు అరిగింది అందుకే అని భార్య దెప్పేది. పైకి తప్పు అన్నదేనని నూరుమందితో చెప్పినా, లోపల ఒక పురుగు తొలిచేది. ఆ మాట అన్న నిజంగా అన్నాడా? నేనే అన్నాడనుకుంటున్నానా? నా చేత్తో నేనే పెట్టి, బిగించడం మరిచానా? ఆయిల్ మార్చేటప్పుడు ఆ కారు దగ్గర మూడో మనిషి లేడు. నిజం తెలిసింది ఒక్క అన్నకే. క్షమించమని అడగక్కర్లేదు, కాళ్ళ మీద పడక్కర్లేదు. బోల్టు నేనే పెట్టానురా అని ఆ ఒక్క ముక్క అన్న నోటి నుంచి వింటే చాలనుకునేవాడు. ఆ ముక్క కోసమే తొమ్మిదేళ్ళు కాచుక్కూర్చున్నాడంటే అతిశయోక్తి కాదు.

అలాంటివాడి షెడ్డు ముందు ఒక ఉదయం వదిన కారు తెచ్చి ఆపింది. తనే నడుపుకుంటూ వచ్చింది. అరవై రెండేళ్ళ మనిషి, ఆస్పత్రిలో దుప్పట్లూ గౌన్లూ కుట్టే గదిలో పని, జన్మలో స్టీరింగ్ ముట్టినది కాదు. కారు అన్నదే. పాతికేళ్ళ నాటి ముసలి బండి, వేరే చెయ్యి ఎన్నడూ పడనిది. వస్తూంటేనే తెలుస్తోంది, నాలుగు సిలిండర్లలో ఒకటి పనిచెయ్యట్లేదు. బండి కుంటుతోంది, మిస్సింగ్ కొడుతోంది. పైగా మాడిన ఆయిల్ వాసన.

చిన్న మేస్త్రి కుర్చీ వేశాడు. వదినకి మాత్రం మొహం చాటెయ్యలేడు, ఆమె చేతి ముద్దలు తిన్నవాడు. డ్రైవింగ్ ఎప్పుడు నేర్చుకున్నావని అడిగితే, మీ అన్నకి చూపు ఆనట్లేదు అందుకని, అంది. ఆయనే బాగుచేసుకోవచ్చుగా అంటే నీళ్ళు నమిలింది. చేస్తూనే ఉన్నాడు, బాగవట్లేదు, అంది. ఊళ్ళో ఇన్ని షెడ్లుండగా ఇక్కడికే ఎందుకు తెచ్చావని అడగబోయి, ఆమె చీర చెంగుని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉండటం చూసి ఆగిపోయాడు. బయటివాళ్ళయితే చూసి నవ్వుకుంటారు చిన్నోడా, అని ఆమే అంది.

బానెట్ ఎత్తాడు. ఇంజన్ స్టార్ట్ చేసి, ప్లగ్గులకి వెళ్ళే వైర్లు ఒక్కొక్కటే పీకి చూశాడు. ఒకటోది పీకితే ఇంజన్ ఇంకా డీలా పడింది, అంటే ఆ సిలిండర్ బాగున్నట్టే. రెండోదీ అంతే. మూడోది పీకితే ఇంజన్‌కి చీమకుట్టినట్టయినా లేదు. దొంగ దొరికాడు. మూడో ప్లగ్గు టోపీ లాగితే లోపల ఆయిల్ చిప్పిల్లుతోంది. ఆయిల్‌లో నాని వైరు పగిలింది, కరెంటు ప్లగ్గు దాకా పోకుండా పక్కకి పారిపోతోంది. మరి ఆ ఆయిల్ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆయిల్ ఎక్కడ బొట్టు పడుతోందో అక్కడ కారుతున్నట్టు కాదు, పైనెక్కడో కారి కిందికొచ్చి బొట్టవుతుంది. ఇది అన్న నేర్పిన మొదటి పాఠం.

ఇంజన్‌ని కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, మొహానికి రాసుకునే పౌడరు దాని మీద దులిపాడు. తెల్లటి పొడి మీద ఆయిల్ చెమ్మ మొదట ఎక్కడ తగిలితే అక్కడే రంధ్రం. ఇంట్లో పౌడరు డబ్బాలన్నీ ఇంజన్లకే పోతున్నాయని, పెళ్ళయినప్పట్నుంచీ తన మొహానికి మిగిలింది లేదని అతని భార్య చెప్పుకు తిరుగుతుంది. పది నిమిషాలు ఇంజన్ నడిపి చూశాడు. పైన ఇంజన్‌కి మూతలా ఉండే టాపెట్ కవర్ అంచున, సరిగ్గా మూడో ప్లగ్గుకి ఎగువన, పొడి నల్లబడింది. రెండు జబ్బులూ ఒకటే. అక్కణ్ణుంచి కారిన ఆయిలే కింద ప్లగ్గుని ముంచుతోంది, ఇంకొంత పొగగొట్టం మీద పడి మాడుతోంది. ఇంకాస్త ఎక్కువ కారి ఉంటే దారిలోనే బండి అంటుకునేది.

కవర్ విప్పబోయి ఆశ్చర్యపోయాడు. ఆరు బోల్టులూ రాక్షసుడు బిగించినట్టున్నాయి. ఆ కవర్ పల్చటి రేకు, దాని కింద ఆయిల్ కారకుండా కార్కు ప్యాకింగ్. రెండు వేళ్ళతో బిగించాల్సిన చోటది. బలం పెడితే కార్కు చితికి బయటికి తోసుకొస్తుంది, రేకు వంగుతుంది, బిగించేకొద్దీ ఇంకా కారుతుంది. ఈ సంగతి తనకి మొట్టికాయలు వేసి మరీ చెప్పిన మనిషే, ఈ పని చేశాడు. పైగా చితికిన పాత ప్యాకింగ్ తియ్యకుండా దాని మీదే కొత్తది, దాని మీద ఇంకొకటి. బోల్టుల తలల మీద పసుపు రంగు దళసరిగా పేరుకుని ఉంది. ముసలితనంతో పాటు పంతం కూడా పెరిగింది కాబోలు అనుకున్నాడు. కొంచెం సంతోషించాడు కూడా. తప్పులే చెయ్యనని విర్రవీగిన మనిషి ఇంత తప్పు చేశాడు కదా అని.

రేకు సాపు చేసి, కొత్త ప్యాకింగ్ వేసి, ప్లగ్గూ వైరూ మార్చి, రెండు వేళ్ళతో బిగించి, తెల్ల చుక్కలు పెట్టాడు. కవర్ కుక్కర్ మీద మూతలాగా కుదురుకుంది, ఇంజన్ కుంటడం మానింది. మళ్ళీ దీని మీద చెయ్యి వెయ్యొద్దని ఆయనకి చెప్పు వదినా అన్నాడు. చెబుతానంది.

పదకొండో రోజు కారు మళ్ళీ వచ్చింది. అదే కుంటు నడక, అదే వాసన. బానెట్ ఎత్తి చూసేసరికి చిన్న మేస్త్రి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. తన తెల్ల చుక్కల మీద పసుపు. కొత్త ప్యాకింగ్ చితికి నాలుకలా బయటికి వేలాడుతోంది. తొమ్మిదేళ్ళ నుంచి దాచిపెట్టుకున్నదంతా వదిన మీద కక్కేశాడు. నేను బిగించినదాన్ని మళ్ళీ బిగించాడంటే ఏంటర్థం, నాకు చేతకాదనేగా, వీడు బోల్టులు సరిగ్గా పెట్టడని ఇప్పటికీ చెప్పుకోవడమేగా, మా మధ్య నువ్వెందుకు నలుగుతావు, ఆయనకే నా గుమ్మంలోకొచ్చి మాట్లాడే దమ్ము లేదా, అని నోటికొచ్చిందల్లా అన్నాడు. వదిన అంతా విని, ఆ బోల్టులు సరిగ్గా చూడు చిన్నోడా, అని మాత్రం అంది.

కోపంగానే బ్లేడు తీసుకుని ఒక బోల్టు తల గీకాడు. పసుపు పెచ్చు లేచింది. దాని కింద సన్నగా నల్లటి జిడ్డు చార. దాని కింద మళ్ళీ పసుపు. మళ్ళీ జిడ్డు. మళ్ళీ పసుపు. అయిదు పసుపు పూతలు తీశాక అడుగున అతని తెలుపు కనబడింది. రంగు ఆరి, దాని మీద దుమ్మూ జిడ్డూ పట్టాలంటే కనీసం ఒక రోజు బండి తిరగాలి. అంటే ఒకేసారి వేసినవి కావవి. పదకొండు రోజుల్లో అయిదుసార్లు. రెండో బోల్టు గీకాడు, అయిదు. మూడోదీ అయిదే. అతని చెయ్యి నెమ్మదించింది. పంతానికి పోయి పని చెడగొట్టేవాడు ఒకసారి చెడగొడతాడు, మహా అయితే రెండుసార్లు. అయిదుసార్లు ఎవడూ బిగించడు. తను నిన్న బిగించానని గుర్తున్నవాడెవడూ బిగించడు.

బ్లేడు పట్టుకునే వదిన వైపు తిరిగాడు. ఎప్పట్నుంచి అని అడిగాడు. రెండేళ్ళయింది, అంది ఆమె. ఇక దాచలేదు. ఆయన పొద్దున టీ గ్లాసు పట్టుకుని బండి చుట్టూ తిరుగుతాడు. పందిరి కింద సిమెంటు మీద ఎన్నడో పడిన ఆయిల్ మరక ఒకటుంది. దాన్ని చూసి, అయ్యో కారుతోందే అని కంగారుపడతాడు. పానా తెచ్చి బిగిస్తాడు, చుక్క పెడతాడు, చేతులు కడుక్కుంటాడు, బాగుచేశానని చెప్పి పిల్లాడిలా సంబరపడతాడు. ఒకటి రెండు రోజులకి మళ్ళీ ఆ మరక కంట పడుతుంది. ఒకరోజు ఆస్పత్రి దగ్గర ఆమెను దింపి, ఇంటికి దారి తెలీక సాయంత్రం దాకా తిరిగాడు. అందుకే ఆమె స్టీరింగ్ పట్టింది. డాక్టరు ఇది మతిమరుపు జబ్బు, నయమయ్యేది కాదన్నాడు.

"నీతో నా నోటితో చెప్పలేక బండి తెచ్చాను," అంది వదిన. "నువ్వు చూస్తే నీకే తెలుస్తుందనుకున్నాను."

ఏమాటకామాటే చెప్పుకోవాలి. అతనికి ముందు కలిగింది జాలి కాదు. సిగ్గు పడ్డాడు, ఇప్పుడే ఆమెని తిట్టిన తిట్లకి. దాని వెంటనే ఇంకొకటి వచ్చింది, అది ఆమెకి చెప్పుకోగలిగింది కాదు. ఇక ఆ ముక్క ఎవర్ని అడగాలి? నిజం తెలిసిన ఒక్క బుర్రా ఖాళీ అయిపోతోంది. ఆ రోజు బోల్టు ఎవరు పెట్టారో ఇక ఈ భూమ్మీద చెప్పేవాడుండడు. రేపో ఎల్లుండో పోయి తేల్చుకుందాం, ముందు ఆయనే దిగిరానీ అనుకుంటూ, పంతానికి పంతంగా రోజులన్నీ తగలేశాడు. ఆ పూట భోజనం చెయ్యలేదు. భార్య ఏమైందని అడిగితే అన్న మీద బెంగగా ఉందన్నాడు. తొమ్మిదేళ్ళలో ఆమె ఆ మాట వినడం అదే మొదలు, చెంబుతో నీళ్ళిచ్చి పక్కన కూర్చుంది.

మర్నాడు ఆదివారం. కారుని ముందురోజే వదిన అలాగే ఇంటికి తీసుకుపోయింది. కొత్త ప్యాకింగూ, బట్టల సోడా, తీగల బ్రష్షూ సంచిలో వేసుకుని పొద్దున్నే అన్న ఇంటికెళ్ళాడు. ప్యాకింగ్ మార్చినంత మాత్రాన ఈ జబ్బు పోదని రాత్రే అర్థమైంది. పోవాల్సింది మరక. వదిన తలుపు తీసి, ఇంకా లేవలేదని సైగ చేసింది. కారుని తోసి వీధిలో పెట్టి, పందిరి కింద మోకాళ్ళ మీద కూర్చుని సిమెంటు తోమడం మొదలెట్టాడు. మరక మూరెడు పొడుగుంది, ఎన్నాళ్ళదో, సిమెంటులోకి ఇంకిపోయింది. సోడా చల్లి, నీళ్ళు పోసి, గంటసేపు తోమితే బూడిదరంగుకొచ్చింది. ఇంకో అరగంట తోమాడు. చెమట ముక్కు మీంచి కారి ఆ నేల మీదే పడుతోంది.

తల ఎత్తేసరికి పెద్ద మేస్త్రి గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. ఏ తిట్టు వస్తుందో, అసలు తిట్టేంత గుర్తుందో అనుకుంటూ తమ్ముడు బ్రష్షు పక్కన పెట్టాడు. ఆయన కాసేపు చూసి, షెడ్డులో మనిషి కావాలన్నాను, నిన్నే పంపారా అని అడిగాడు. అవునన్నాడు తమ్ముడు. పని తెలుసా అన్నాడు. కొంచెం తెలుసండి అన్నాడు. ఎవరి దగ్గర చేశావని మాత్రం ఆయన అడగలేదు. నేల వైపు చూసి, శుభ్రంగానే ఉందిగా ఎందుకు తోముతున్నావని కోప్పడ్డాడు. వదిన గుమ్మంలోనే తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

కారుని మళ్ళీ పందిరి కిందికి తోశారు ఇద్దరూ. ప్యాకింగ్ మార్చాలన్నాడు తమ్ముడు. చూసి, ఎవడ్రా వెధవ ఇలా బిగించాడు అన్నాడు అన్న. తమ్ముడు తెలీదన్నాడు. నువ్వు ముట్టుకోకు, నేను చేస్తానని ఆయన పానా అందుకున్నాడు. వైరు లైటు తమ్ముడి చేతికిచ్చి పక్కన నిలబెట్టాడు. ఇక ఆ చేతుల్ని చూడాలి మీరు. సొంత చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోలేని చేతులవి. కవర్ విప్పి, పాత కార్కు అంచుల్లోంచి ఒక్క పీలిక మిగలకుండా గీకాయి. కొత్తది పరిచి, నాలుగు మూలలా వేలితో నొక్కి, మధ్య బోల్టు ముందు, ఎదురు బోల్టు తర్వాత, వరస తప్పకుండా పట్టించాయి. రెండు వేళ్ళతోనే బిగించాయి. మూడో వేలు వేశావంటే ప్యాకింగ్ చచ్చిందే అని ఆయన గొణుక్కుంటున్నాడు, తమ్ముడికి పాఠం చెబుతూ.

నాలుగో బోల్టు దగ్గర ఆగాడు.

"నాకో తమ్ముడున్నాడు," అన్నాడు. "వాడి మీద నింద వేశాను."

అన్న చెప్పుకుంటూ పోయాడు, ఇంజన్ వైపే చూస్తూ, నిన్న జరిగినట్టు. పంతులమ్మ కారు. బోల్టు నేను పెడతాను నువ్వు ఫిల్టర్ పట్రా అని తనే తమ్ముణ్ణి పంపాడు. బోల్టు చేత్తో తిప్పి వదిలాడు. దానికి రాగి వాషరొకటి వెయ్యాలి, అది వేశాక పానాతో బిగిద్దామనుకున్నాడు. ఇంతలో ఎవరో పిలిచారు. తిరిగొచ్చి, అంతా అయిందనుకుని ఆయిల్ పోసేశాడు. తమ్ముడు వెళ్ళిపోయిన సాయంత్రం స్నానానికి చొక్కా విప్పుతుంటే జేబులోంచి రాగి వాషరు కింద పడింది.

"అప్పుడే పోయి చెప్పాల్సింది. అయిదుగురి ముందు అనేశాను కదా, మొహం చెల్లలేదు. రేపు చెబుదాం అనుకున్నా. మళ్ళీ రేపు చెబుదాం అనుకున్నా." పానా కిందికి దించాడు. మొదటిసారి తమ్ముడి మొహంలోకి చూశాడు, ఏదో వెతుక్కుంటున్నట్టు. "ఇప్పుడు చెప్పానో లేదో గుర్తు రావట్లేదయ్యా. చెప్పానంటావా?"

చిన్న మేస్త్రి తొమ్మిదేళ్ళుగా ఈ ముక్క వింటే ఏం అనాలో, ఎలా నిలదియ్యాలో, ఎంత కడిగెయ్యాలో మనసులో వెయ్యిసార్లు వల్లె వేసుకున్నవాడు. అందులో ఒక్క మాటా ఇప్పుడు అనాలనిపించలేదు. కళ్ళ నీళ్ళు కారుతుంటే ఖాళీ చేత్తో తుడుచుకున్నాడు.

"చెప్పావన్నా," అన్నాడు.

"చెప్పానా?"

"చెప్పావు."

"ఏమన్నాడు వాడు?"

"ఏమీ అనలేదు. పక్కన నిలబడి లైటు పట్టుకున్నాడు."

పెద్ద మేస్త్రి పానా మళ్ళీ ఎత్తాడు. అయితే సరేలే అని తలాడించి, అయిదో బోల్టు అందుకున్నాడు. లైటు వణుకుతోందని, సరిగ్గా పట్టుకోమని విసుక్కున్నాడు. తమ్ముడు రెండో చెయ్యి కూడా వేసి పట్టుకున్నాడు.